శ్రీ లేని ఫైలు

12 మే 2003, సోమవారం

ప్రిన్సిపాల్ ఒక మాటైనా అడగకుండా నన్ను పోలీసులకు ఇచ్చేశాడు. కాలేజీ మైకు సెట్టు అడిగినా ఇంత సులభంగా ఇచ్చుండడు.

అంతా నా నోటి పుణ్యం. ఫిబ్రవరిలో హైదరాబాద్ పోయి కంప్యూటర్ ఫోరెన్సిక్స్ అని వారం రోజుల కోర్సు చేసి వచ్చాను. వచ్చినప్పటి నుంచి స్టాఫ్ రూములో ఆ మాట కొంచెం గట్టిగానే అంటున్నాను. అనంతపురం జిల్లా మొత్తానికి ఈ కోర్సు చేసింది నేనొక్కణ్ణే అని కూడా అన్నట్టున్నాను. ఈ పొద్దు కాలేజీ ముందు జీపు ఆగింది. హెడ్ కానిస్టేబుల్ గంగాధరప్ప దిగాడు. చేతుల్లో పాత దుప్పటిలో చుట్టిన కంప్యూటర్. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, యాడ పెట్టల్ల సారూ అని అడిగాడు.

కేసు ఇది. రెండేళ్లుగా వానల్లేవు. పశువులున్న రైతులకు గడ్డి టోకెన్లు ఇచ్చారు. టోకెన్ చూపిస్తే డిపోలో గడ్డి మోపు ఇస్తారు. పోయిన నెల దొంగ టోకెన్లు వచ్చిపడ్డాయి. దొంగ టోకెన్ల వాళ్లు తెల్లారేసరికే గడ్డి ఎత్తుకుపోతే అసలు టోకెన్ల వాళ్లు ఉత్త చేతులతో ఇంటికి పోయారు. డిపో కాంట్రాక్టర్ దగ్గర గుమస్తాగా ఉన్న హనుమంతరాయుడు కంప్లైంట్ ఇచ్చాడు. ఈ టోకెన్లు బెళుగుప్ప బస్టాండు దగ్గర పెద్దక్క అనే ఆమె నడిపే డీటీపీ సెంటర్లో తయారైనవి అని. పోలీసులు పోయి చూస్తే ఆమె కంప్యూటర్లో నిజంగానే టోకెన్ అని పేరున్న ఫైలు దొరికింది. షాపుకు సీలు వేశారు. ఆమె మాత్రం ఆ ఫైలు సంగతే నాకు తెల్దు అంటోంది.

సీఐ మల్లికార్జున ఇంకా ఆమెను అరెస్టు చెయ్యలేదు. ఫైలు ఆమెదే అని నేను రాసిస్తే చేస్తాడు. జూన్ పదిలోగా రాసివ్వాలి.

నాకు భయంగా లేదు. చాలా సంతోషంగా ఉంది.

13 మే

గంగాధరప్ప కాపలా డ్యూటీ అని చెప్పి లాబ్‌లోనే కుర్చీ వేసుకున్నాడు. ఏసీ కోసం అని నా అనుమానం. ఊరికే కూర్చున్నాడు కదా అని పద్ధతి వివరించాను.

ఒక కంప్యూటర్లో వేల ఫైళ్లుంటాయి. ఎక్కువ భాగం విండోస్‌తో వచ్చినవో, ఆటలతో వచ్చినవో, కార్డులూ కరపత్రాలూ చేసే పేజ్‌మేకర్‌తో వచ్చినవో. ప్రపంచంలో ఏ కంప్యూటర్లో చూసినా అవే. వాటిని చూసి లాభం లేదు. మరి ఏది కంపెనీది, ఏది మనిషిది అని తెలిసేదెట్లా? దానికే హాష్. ఫైలును ఒక లెక్కలో వేస్తే అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిసిన పొడుగాటి నంబరు ఒకటి వస్తుంది. ఫైలు పేరు మార్చినా ఆ నంబరు మారదు. లోపల ఒక్క కామా మార్చినా చాలు, నంబరు తల నుంచి తోక దాకా మారిపోతుంది. లోకంలో ఉన్న సాఫ్ట్‌వేర్లన్నిటి హాష్‌లూ అమెరికా వాళ్లు సీడీల్లో ఎక్కించి పెట్టారు. దాని కాపీ హైదరాబాద్ నుంచి నేను తెచ్చుకున్నాను. దానితో పోల్చి తెలిసినవన్నీ పక్కకు తీసేస్తే, మిగిలినవే ఆమె సొంత ఫైళ్లు. చెనిక్కాయలు చెరిగినట్టే.

అంతా విని గంగాధరప్ప, అంటే ఫైలుకు వేలిముద్ర, అంతే గదా సారూ అన్నాడు.

అంతే. ఎం.సి.ఏ. పిల్లలకు ఇదే చెప్పడానికి నాకు రెండు క్లాసులు పట్టాయి. టీ తెప్పించి ఇచ్చాను.

14 మే

కరెంటు పోయింది. సగం ఫైళ్లకు హాష్ తీశాక. మళ్లీ మొదటి నుంచి.

15 మే

మళ్లీ పోయింది.

17 మే, శనివారం

గంగాధరప్ప ఒక కాగితం తెచ్చాడు. దాని మీద నల్ల ఇంకుతో పది వేలిముద్రలు. పెద్దక్కవట. నిన్న పనిగట్టుకుని బెళుగుప్పకు పోయి వేయించుకొచ్చాడు. ఫైలు వేలిముద్ర నీతావుండాది, మనిషి వేలిముద్ర నాతావుండాది, రెండూ పక్కపక్కన పెట్టి చూడు సారూ, కేసు ఈ పొద్దే తేలిపోతాది అన్నాడు.

అరగంట చెప్పాను. చెప్పిందంతా ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, కాగితం ఉండనీ సారూ, ఎందుకైనా మంచిది అని టేబుల్ మీద పెట్టి పోయాడు.

19 మే

చెరగడం అయింది. అయితే చాటలో గింజ కంటే పొల్లు ఎక్కువ ఉంది.

నేననుకున్నది, ఆమె సొంత ఫైళ్లు ఏ రెండు మూడు వందలో మిగులుతాయి అని. వాటి మీద ఇంకా వందల ఫైళ్లు తెలియనివిగా మిగిలాయి. చూస్తే అన్నీ కంపెనీలవే. విండోస్ రీడ్‌మీలు, ప్రింటర్‌తో వచ్చిన లైసెన్సు కాగితాలు, పేజ్‌మేకర్ హెల్పు. ఊరూరా కంప్యూటర్లలో ఉండేవే. సీడీలో వాటి హాష్‌లు ఉండి తీరాలి. ఉన్నాయి కూడా. కలవడం లేదంతే.

ఒకటి తెరిచి చూశాను. మొదటి లైన్లో డాలరు గుర్తు, దాని పక్కన పాము వంకర, ఒక చుక్క. ఇంకేమీ లేదు. రెండో లైను నుంచి మామూలు ఇంగ్లీషు. ఇంకొకటి తెరిచాను. అవే మూడు గుర్తులు. ఇంకొకటి. అవే. పిన్‌బాల్ ఆట నొక్కితే తెరుచుకోలేదు. దాని నెత్తిన కూడా అవే మూడు.

 వైరస్.

20 మే

ఏ పుస్తకంలోనూ లేదు. ఏ యాంటీవైరస్సూ పట్టడం లేదు. కొత్తది. కనిపెట్టింది నేను.

ఇంటర్నెట్ సెంటర్‌కు పోయి ఒక యాంటీవైరస్ కంపెనీకి మెయిల్ పెట్టాను. మూడు గుర్తులున్న ఫైళ్లు నమూనాకు పంపాను. వైరస్ పుట్టిన చోటు ఎక్కడో అడ్రసు రాయమని వాళ్ల ఫారంలో ఉంది. పెద్దక్క షాపు అడ్రసు పిన్‌కోడ్‌తో సహా రాశాను. పేరు ఏం పెట్టాలో సూచించమని కూడా ఉంది. చాలాసేపు మొహమాటపడి జయచంద్ర అని రాశాను.

మా నాయనకు ఫోన్ చేసి చెప్పాను. రోగానికి నీ పేరేందిరా అన్నాడు.

21 మే

కంపెనీ నుంచి జవాబు లేదు.

22 మే

లేదు.

24 మే, శనివారం

ఈ పొద్దు పెద్దక్క స్వయంగా వచ్చింది.

యాభై దాటిన మనిషి. నుదుట రూపాయంత బొట్టు. చేతిలో వైరు బుట్ట. దొంగ అంటే నా మనసులో ఏదో ఒక ముఖం ఉండేది. ఇది ఆ ముఖం కాదు. వస్తూనే నన్ను కాదు, తన కంప్యూటర్ను చూసింది. మానిటర్ మీద కుంకుమ యాడికి పోయ అని అడిగింది. దుమ్ముతో పాటు నేనే తుడిచేశాను. ఆ మాట చెప్పలేదు.

మాట మార్చడానికి, నీ కంప్యూటర్‌కు పెద్ద వైరస్ తగిలింది పెద్దక్కా, ఫైళ్ల నెత్తిన ఎక్కి కూర్చుంది చూడు అని చూపించాను. కండ్లద్దాలు పెట్టుకుని చూసింది. చూసి నా వైపు తిరిగింది. ఏమి సారూ, నువ్వు తెలుగోనివే గదా అంది. మౌస్ నా చేతిలోంచి లాక్కుని, ఫాంటు మార్చే చోటికి పోయి, తన తెలుగు ఫాంటు పెట్టింది.

డాలరూ పామూ చుక్కా కలిసి శ్రీ అయ్యాయి.

పోయిన దసరాకు పెట్టిందట. ఆయుధపూజ నాడు కొడవలికీ గొడ్డలికీ బొట్టు పెట్టినట్టు కంప్యూటర్‌కూ పెట్టింది. పైన బొట్టు పెడితే యేమాయ, లోపల ఇన్ని కాగితాలుండాయి, వాటికి శ్రీ లేకుంటే ఎట్ల అని మనసు పీకింది. మూడు పొద్దులు కూర్చుని, తెరుచుకున్న ప్రతి ఫైలు పైనా శ్రీ కొట్టింది. పిన్‌బాల్‌ను కూడా నోట్‌ప్యాడ్‌లో తెరిచి కొట్టింది. అది ఆ దినం నుంచి పలకలేదు. అదొక్కటే నా చేతిలో పోయింది సారూ అని నిజంగా బాధపడింది.

నా వైరస్ పోయింది. నాయనకు ఏమని చెప్పేది?

25 మే

చిన్న ప్రోగ్రాం రాశాను. ఫైలు మొదటి లైను వదిలేసి మిగిలినదానికి హాష్ తియ్యడం. కాపీ మీదే, అసలు డిస్కు ముట్టుకోకుండా.

కలిసిపోయాయి! రీడ్‌మీలు, లైసెన్సులు, హెల్పులు, అన్నీ అమెరికా సీడీతో అక్షరం తప్పకుండా కలిసిపోయాయి. ఆమె శ్రీ తప్ప ఒక్క చుక్క కూడా తాకలేదు. పిన్‌బాల్ మాత్రం బతకలేదు.

ఆదివారం లాబ్‌లో ఒక్కణ్ణే చప్పట్లు కొట్టుకున్నాను. వాచ్‌మన్ వచ్చి తలుపు సందులోంచి చూసి పోయాడు.

27 మే

మిగిలినవి ఇప్పుడు ఆమె ఫైళ్లే. పెళ్లి కార్డులు, గృహప్రవేశాలు, అర్జీలు, జాతర కరపత్రాలు. వాటి మధ్య టోకెన్ ఫైలు.

సీఐ దగ్గర నుంచి ఫ్లాపీ కూడా వచ్చింది. హనుమంతరాయుడు కంప్లైంట్‌తో పాటు ఇచ్చింది, అసలు టోకెన్ డిజైన్ ఎట్లుంటుందో చూపించడానికి. అందులో ఆ డిజైన్‌తో పాటు ఇంకో రెండు ఫైళ్లున్నాయి. ఒకటి పెళ్లి. రెండోది పెళ్లి2. మామూలుగా వాటికీ హాష్ తీశాను.

పెళ్లి2 హాష్, పెద్దక్క కంప్యూటర్లోని దొంగ టోకెన్ హాష్, రెండూ ఒకటే.

పేరు పెళ్లి. లోపల గడ్డి. కంప్లైంట్ ఇచ్చినవాడి ఫ్లాపీలోనే దొంగ టోకెన్ ఉంది. పోలీసులకు ఇచ్చేదానికి కొత్త ఫ్లాపీ కొనాలంటే మనసు రాలేదు వాడికి!

30 మే, శుక్రవారం

సీఐ ఆఫీసుకు పోయి చెప్పాను. హనుమంతరాయుణ్ణి పిలిపించారు. ఇస్త్రీ చొక్కా, చేతికి బంగారు రంగు వాచీ. కొంచెం కూడా బెదరలేదు. మా చెల్లెలి పెండ్లి కార్డు ఆమె తావే చేయించినా సారూ, నా ఫ్లాపీలో కార్డు ఎక్కించేటప్పుడు ఇది గూడా ఎక్కించింది, నాకేం తెలుసు అన్నాడు.

అదీ చిక్కు. రెండు ఫైళ్లూ ఒకటే అని హాష్ చెబుతుంది. ఎవరి నుంచి ఎవరికి పోయిందో చెప్పదు.

అప్పుడు నేను శ్రీ సంగతి ఎత్తాను. ఆమె చేతిలోంచి పోయిన ప్రతిదాని మీదా శ్రీ ఉంటుంది, దీని మీద లేదు, కాబట్టి ఇది ఆమె చెయ్యి కాదు అన్నాను. సీఐ నవ్వాడు. దొంగసొమ్ముకు ఎవరన్నా శ్రీకారం చుడతారా లెక్చరర్ గారూ అన్నాడు. తర్వాత బీరువాలోంచి కాగితాలు తీసి పరిచాడు. ఆమె టైపు చేసిన అర్జీలు, నోటీసులు. పెళ్లి కార్డుల మీద శ్రీ ఉందిగానీ వీటి మీద ఒక్కదాని మీద కూడా లేదు. ఇష్టమైతే పెడతాది, లేకుంటే లేదు, దీన్ని పట్టుకుని నేను కోర్టుకు పోతే జడ్జి నా నెత్తిన శ్రీ పెడతాడు అన్నాడు.

 ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి కాలేదు.

2 జూన్, సోమవారం

ఉండబట్టలేక బెళుగుప్ప పోయాను. బస్సు నిండా దుమ్ము, గాలి.

పెద్దక్క సీలు వేసిన షాపు ముందు అరుగు మీద కూర్చుని ఉంది. ఇంట్లో ఉండొచ్చు కదా అంటే, ఇంట్లో కూర్చుంటే దొంగ దాక్కునింది అంటారప్పా అంది. నేనున్న కాసేపట్లోనే ఒక ముసలాయన వచ్చాడు. జేబులోంచి నలిగిన టోకెన్ తీసి ఆమె ముఖం ముందు ఆడించాడు. ఇది నిజమైంది, దీనికి గడ్డి రాలే, నీ దానికి వచ్చింది, నా ఎనుము కండ్లు తేలేసింది, బాగుపడు అని చెప్పి పోయాడు.  ఆయన పోయినాక, ఆయప్ప బిడ్డ పెండ్లి కార్డు నేనే చేసినా, తప్పుల్లేకుండా చేసినా అంది.

తర్వాత తెలిసింది, ఆమెకూ రెండు ఎనుములుండేవి. ఆమెకూ టోకెన్ వచ్చింది. ఆమెకూ గడ్డి రాలేదు. ఒకదాన్ని పోయిన నెల సంతలో అమ్మేసింది.

నాకు చాలా కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. అర్జీల మీద కూడా శ్రీ పెట్టి ఉంటే నిన్ను విడిపించేవాణ్ణి కదా పెద్దక్కా, ఎందుకు పెట్టలేదు అని గట్టిగా అడిగాను. ఆమె అంతకంటే గట్టిగా, పెట్టలేదని ఎవరన్నారు, అన్నిట్లో ఉండాది, చూసే కండ్లు ఉండల్ల అంది.

భక్తులు ఇట్లాగే మాట్లాడతారు. బస్సెక్కి వచ్చేశాను.

5 జూన్

రిపోర్టు తెలుగులో కావాలట. ఇంగ్లీషులో ఇస్తే పైవాళ్లు చదవరు, చదివినా నన్ను అడుగుతారు అన్నాడు సీఐ. చేత్తో రాస్తే కుదరదు. టైపు చేసి ఫ్లాపీలో ఇవ్వాలి.

మా కాలేజీలో తెలుగు టైపు ఎవరికీ రాదు. నాకూ రాదు. సర్కిల్ ఆఫీసులో ఎవరికొస్తుంది అని గంగాధరప్పను అడిగితే ఆయన మీసం కిందికి దిగింది. ఆఫీసుకు కంప్యూటర్ వచ్చి సంవత్సరమైంది, కొట్టేది మాత్రం పెద్దక్కే అన్నాడు. వారానికొకసారి వచ్చి కూర్చుని ఉన్నవన్నీ కొట్టిపోతుంది. మరి షాపుకు సీలు వేశాక ఎవరు కొడుతున్నారు అన్నాను. ఇప్పుడు తీరిగ్గా ఉండాది గదా, రెండు రోజులకొకసారి వస్తాది అన్నాడు.

ఆమె మీద కేసు కాగితాలు?

అవీ ఆమే కొట్టింది సారూ. మేము రాసిన దాంట్లో రెండు తప్పులుంటే సరిచేసింది గూడా.

6 జూన్, శుక్రవారం

సర్కిల్ ఆఫీసులో నేను చెబుతుంటే పెద్దక్క టైపు చేసింది. నిందితురాలి మీద రిపోర్టు నిందితురాలే టైపు చెయ్యడం గురించి హైదరాబాద్ కోర్సులో ఏమీ చెప్పలేదు.

మొదలుపెట్టే ముందే హెచ్చరించాను. ఇది ఆఫీసు రిపోర్టు. పైన శ్రీ వద్దు. నేను చెప్పిన దానికి ఒక్క అక్షరం ఎక్కువ పడకూడదు. ఆమె ముఖం మాడింది. శ్రీ లేకుండా మొదలుపెట్టిన పని యాడికి పోతాది సారూ అంది. కోర్టుకు పోతుంది అన్నాను. కీబోర్డు దగ్గరికి లాక్కుని కొట్టింది. తనను జైలుకు పంపే మాటలు కూడా ఆ వేళ్లు అదే వేగంతో కొట్టాయి. "ఫైలు ఎవరు తయారు చేశారో తేల్చలేకపోతున్నాను" అనే వాక్యం దగ్గర మాత్రం ఆగి, తేల్చలేవా అని ఒకసారి అడిగింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ప్రింటు తీసి చదివాను. ఒక్క తప్పు లేదు. ఫ్లాపీలో ఎక్కించి, హాష్ తీసి, పైన పెట్టే ఉత్తరంలో ఆ నంబరు చేత్తో రాశాను. దాని కింద, ఈ నంబరు కలవకుంటే రిపోర్టును ఎవరో మార్చినట్టు లెక్క, అది చెల్లదు అని కూడా రాసి గీత కొట్టాను. అంత గట్టిగా రాయమని ఎవరూ అడగలేదు. గంగాధరప్పతో టీకి పోయి వచ్చి, ఫ్లాపీ కవర్లో పెట్టి లక్క సీలు వేశాను.

9 జూన్, సోమవారం

 వరుసగా రాస్తాను.

సీఐ గదిలో నేను, గంగాధరప్ప, పెద్దక్క, హనుమంతరాయుడు. సీఐ సీలు పగలగొట్టాడు. మీరు గీత కొట్టి మరీ రాశారు గదా, చూద్దాం అన్నాడు. ఫ్లాపీ పెట్టి హాష్ తీశాను. గంగాధరప్ప ఉత్తరంలో నంబరు చదవాలి, నేను స్క్రీన్ మీద చూసుకోవాలి. ఆయన గొంతు సవరించుకుని ఏడు అన్నాడు. స్క్రీన్ మీద నాలుగుంది. తర్వాత ఇంగ్లీషు ఏ అన్నాడు. స్క్రీన్ మీద తొమ్మిదుంది. ఆయన హాజరు పిలిచినట్టు చివరిదాకా చదివాడు. నేను ఎక్కడా పలకలేదు.

ఏసీ లేదు అక్కడ. అయినా నాకు చలేసింది.

హనుమంతరాయుడు కాలు మీద కాలు వేసుకున్నాడు. సారు లెక్కే తప్పితే ఇంగ నా ఫ్లాపీ సంగతి యేముండాది అన్నాడు.  అరెస్టు కాగితం టేబుల్ మీదే ఉంది.

ఫైలు తెరిచాను. ప్రింటు పక్కన పెట్టి లైను లైనూ చదివాను. అంతా అదే. కామా కూడా మారలేదు. తొందరలో ఏదో మీట పడింది, స్క్రీన్ మీద పేజీ ఒక్కసారిగా చిన్నదైపోయింది. పేజ్‌మేకర్లో పేజీ చుట్టూ ఖాళీ జాగా ఉంటుంది. అక్కడ పెట్టింది ప్రింటులో పడదు. ఎవరూ అటు చూడరు.

పేజీ అంచు దాటి, పైన, ఎడమ మూలలో, చీమంత శ్రీ.

మేము టీకి పోయినప్పుడు పెట్టింది. ఏమి పెద్దక్కా ఇది అన్నాను. ఆమె తల వంచుకుని, తప్పయింది సారూ, పేజీలో వద్దంటివి గదా, పేజీలో పెట్టలేదు, బయట పెట్టినా అంది. ఆఫీసు కాగితాలకూ అంతే. చర్చి వాళ్ల కరపత్రాలకూ అంతే. వాళ్లకు వద్దనేది వాళ్ల ఇష్టం, పెట్టకుంటే నాకు చెయ్యి ఆడదు, అందుకే ఎవరికీ అడ్డం లేకుండా ఆ మూలకు పెడతా అంది.

సీఐ లేచి నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. ఆమె మీద కేసు కాగితం తియ్యండి అన్నాడు. తీశాను. పేజీ చిన్నది చేశాను. పెద్దక్క అనే స్త్రీ దొంగ టోకెన్లు తయారుచేసినట్లు అని పేజీలో ఉంది. పేజీ అవతల శ్రీ ఉంది. నోటీసు తీశాం. ఉంది. అర్జీ తీశాం. ఉంది. బక్రీదు బందోబస్తు డ్యూటీ పట్టికలో ఉంది. సీఐ సొంత సెలవు చీటీలో కూడా ఉంది.

ఇప్పుడు ఈయనది పెట్టండి అన్నాడు సీఐ.

హనుమంతరాయుడి ఫ్లాపీ. పెళ్లి తీస్తే కార్డు మీద శ్రీ, పేజీ అవతల ఇంకో శ్రీ. పెళ్లి2 తీశాను. పేజీలో లేదు. పేజీ అవతలా లేదు. నాలుగు మూలలూ ఖాళీ. ఆమె కంప్యూటర్లో ఉన్న టోకెన్‌లోనూ అంతే.

పెద్దక్క అప్పుడు తలెత్తింది. నన్ను జైలుకు పంపే కాగితానికే పెడితిని, నా చెయ్యి తగిలుంటే దీనికి పెట్టనా అంది. హనుమంతరాయుడి వైపు చూసి, అది నా కంప్యూటర్లో ఉందని తెలిసినా పెట్టుందును అంది.

 సీఐ అతని వైపు తిరిగి ఏమప్పా అన్నాడు, అంతే. హనుమంతరాయుడు కాలు మీది కాలు దించాడు. మంచినీళ్లు అడిగాడు. తాగాక చెప్పాడు. టోకెన్ ఎక్కడో చేయించుకుని, గంటకింత అని బాడుగకు ఆమె కంప్యూటర్ తీసుకుని, ఆమె సంగటి తినడానికి ఇంటికి పోయినప్పుడు ప్రింట్లు కొట్టుకున్నాడు. ఫ్లాపీ నిదానంగా ఉందని ఫైలు కంప్యూటర్లోకి ఎక్కించి, తియ్యడం మరిచాడు. రైతులు డిపో ముందు గలాటా మొదలుపెట్టాక గుర్తొచ్చింది. గుర్తొచ్చాక, ఆమె పేరే చెబితే సరిపోతుంది అనుకున్నాడు.

గంగాధరప్ప అప్పటికే ఇంకు ప్యాడు తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. హనుమంతరాయుడి చెయ్యి పట్టుకుని, ఒక్కో వేలూ ఎంత ప్రేమగా నొక్కాడో! పది అయ్యాక నా వైపు చూసి, నేను జెప్పలేదా సారూ, వేలిముద్ర కాడికే వస్తాదని అన్నాడు.

అవును గంగాధరప్పా. చెప్పావు.

12 జూన్

షాపు సీలు తీశారు. కంప్యూటర్ నేనే బస్సులో తీసుకుపోయాను, అదే దుప్పటిలో చుట్టి. పెద్దక్క మానిటర్ మీద మళ్లీ కుంకుమ పెడుతుంటే తల పక్కకు తిప్పుకున్నాను.

దొంగ టోకెన్లన్నీ రద్దు చేశారు. అసలు టోకెన్ల వాళ్లకు రేపటి నుంచి గడ్డి ఇస్తారని, ఆ నోటీసు పెద్దక్కే కొట్టింది. మొదటి ప్రింటు అతికించగానే చదివిన వాళ్లలో ఆ ముసలాయన ఉన్నాడు. ఆమెను క్షమాపణ ఏమీ అడగలేదు. రెండో బిడ్డ పెళ్లి మాఘంలో ఉందని మాత్రం చెప్పి పోయాడు. ఆయన పోయినాక పెద్దక్క కొంగుతో కండ్లద్దాలు తుడుచుకుంది, చాలాసేపు. నాకూ కళ్లు తడి అయ్యాయి. దుమ్ము అని చెప్పుకున్నాను.

పిన్‌బాల్ మళ్లీ ఎక్కించాను. దీన్ని ముట్టుకోవద్దు, దండం పెట్టుకుని ఊరుకో అని ఒట్టు వేయించుకున్నాను.

17 జూన్, మంగళవారం

శ్రీ

యాంటీవైరస్ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ధన్యవాదాలు చెప్పారు. నేను పంపిన మూడు గుర్తులు ఏ ఫైల్లో కనబడినా ఆ ఫైలును అక్కడికక్కడే తుడిచేసేట్టు చేశారట. వైరస్ పేరు జయచంద్ర. మందు సీడీ, ఉచితంగా, నేనిచ్చిన బెళుగుప్ప అడ్రసుకు శనివారమే పోస్టు చేశారట.

పోస్టుమాన్ కంటే ముందు పోవాలి. మొదటి బస్సు ఆరింటికి.